గానుగ నూనెకి అంత డబ్బు పెట్టాలా?

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధికి పోయినా ఒక గానుగ బోర్డు కనబడుతోంది, దాంతోపాటు నూనె గురించి మాకొచ్చే ప్రశ్నలూ పెరిగాయి. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలు పక్కనపెట్టి వేరుశనగ నూనె మీద వచ్చినవే తీసుకున్నాం.

ప్రశ్న: మా ఆయనకి కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఇంట్లో నూనె మీద రోజూ పంచాయితీనే. గానుగ నూనె తప్ప ఇంకేదీ వాడొద్దంటుంది మా కోడలు. ప్యాకెట్ నూనెని పెట్రోలుతో తీస్తారని వాట్సాప్‌లో చూసిందంట. గానుగ ఆడించే అతనేమో తన నూనెలో కొలెస్ట్రాల్ అసలుండదు, విటమిన్లన్నీ ఉంటాయి అంటాడు. ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. నిజంగా అంత తేడా ఉందా?
— ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తేడా ఉందమ్మా, కానీ మీ ఇంట్లో గొడవ జరుగుతున్న చోట లేదు. కొలెస్ట్రాల్ జంతువుల ఒంట్లో తయారయ్యే పదార్థం, వేరుశనగ గింజలో అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. కాబట్టి గానుగ నూనెలోనూ లేదు, రిఫైన్డ్ నూనెలోనూ లేదు, ప్యాకెట్ మీద హృదయం బొమ్మ వేసి 'కొలెస్ట్రాల్ ఫ్రీ' అని రాసుకున్నా అది కొత్తగా చెప్పిందేమీ లేదు. మీ ఆయన రక్తంలో కొలెస్ట్రాల్ మీద ప్రభావం చూపేది నూనెలోని కొవ్వు ఆమ్లాల పాళ్ళు. వేరుశనగ నూనెలో సగానికి కాస్త అటూ ఇటూగా ఒలీయిక్ ఆమ్లం (గుండెకి మేలు చేసే కొవ్వు), 20 నుంచి 35 శాతం దాకా లినోలీయిక్ ఆమ్లం, ఓ 17–20 శాతం సంతృప్త కొవ్వు ఉంటాయి. చెక్క గానుగలో ఆడించినా, ఫ్యాక్టరీలో రిఫైన్ చేసినా ఈ లెక్క పెద్దగా మారదు. క్యాలరీలూ అంతే, గ్రాముకి తొమ్మిది, ఎలా తీసినా తొమ్మిదే.

ఆ పాళ్ళు తేలేది చేలో, అంటే వేసిన రకాన్ని బట్టి, ఆ ఏడు కాసిన ఎండను బట్టి. 2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దగ్గర ఉంటుంది, మామూలు రకాల్లో ఉండేదానికి ఇది చాలా ఎక్కువ. ఆ గింజల నుంచి తీసిన రిఫైన్డ్ నూనె, మామూలు గింజల గానుగ నూనె రెండూ పక్కపక్కన పెడితే, గుండె సంగతి వరకూ మొదటిదే మెరుగని చెప్పాలి. కానీ సీసా మీద గానుగ బొమ్మ ఉంటుందే తప్ప గింజ ఏ రకమో ఎవరూ రాయరు.

మరి మారేదేమిటంటే నూనెలో చిన్న మోతాదుల్లో ఉండే సరుకు. విటమిన్ ఇ, ఫైటోస్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ని పోలిన పదార్థాలు), లెసిథిన్ లాంటి జిగురు పదార్థాలు, రంగు, వాసన. అవి ఎక్కడ పోతాయో తెలియాలంటే నూనె ఎలా తీస్తారో కొంచెం చూడాలి.

చెక్క గానుగలో రోకలి నెమ్మదిగా తిరుగుతుంది, గింజ నలిగి నూనె ఊరుతుంది, వేడి మహా అయితే చెయ్యి పెట్టగలిగినంత. ఆ నూనెని రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి కిందికి దిగుతుంది, పైన తేటని వంచుకోవడమే, అంతకుమించి ఏమీ చేయరు. అందుకే గింజలో ఉన్నవి చాలావరకు నూనెలోకి వచ్చేస్తాయి, మంచివి వస్తాయి, చెడ్డవి ఉంటే అవీ వస్తాయి (ఈ రెండో సంగతి కింద రైతు అడిగిన ప్రశ్నలో ఉంది, అది వదిలేయకుండా చదవండి).

ఎక్స్‌పెల్లర్ మిల్లులో గింజల్ని ముందు ఆవిరితో ఉడకబెట్టినట్టు వేడిచేసి, ఇనప మరలో పెట్టి తిప్పుతారు, ఆ ఒరిపిడికి వేడి వంద డిగ్రీలు దాటిపోతుంది. నూనె ఎక్కువ వస్తుంది, చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, ఉండిపోయేది ఆరేడు శాతమే. దాన్ని బట్టలో వడగట్టి 'ఫిల్టర్డ్' అని అమ్ముతారు. మన జిల్లాలో పాతవాళ్ళు 'మిల్లు నూనె' అని తెచ్చుకునేది ఇదే. మధ్యరకం అనుకోండి, వాసన, రంగు, విటమిన్ ఇలో చాలా భాగం ఇంకా ఉంటాయి, ధర కూడా గానుగ అంత ఉండదు. దీన్ని ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు, నా మటుకు నాకు ఇది అన్యాయంగా మూలపడిన నూనె.

చెక్కలో మిగిలిన ఆ కాస్త నూనెని కూడా లాగడానికి హెక్సేన్ వాడతారు. మీ కోడలు పెట్రోలు అన్నది దీన్నే. పెట్రోలియం నుంచి వచ్చే ద్రావకమే, అబద్ధం కాదు. కానీ అది 69 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది, ఆ తర్వాత నూనెని అంతకు మూడింతల వేడి మీద ఆవిరి పట్టిస్తారు, మిగిలేది అత్యల్పం. మన దేశంలో ఫుడ్ సేఫ్టీ నిబంధన ప్రకారం రిఫైన్ చేసిన సాల్వెంట్ నూనెలో హెక్సేన్ 5 పీపీఎం మించకూడదు, అంటే కిలోకి 5 మిల్లీగ్రాములు. దీనికోసం నిద్ర పాడుచేసుకోవాల్సిన పనిలేదు.

పోషకాలు నిజంగా పోయేది రిఫైనింగులో. ముందు నీళ్ళతో జిగురు తీస్తారు, లెసిథిన్ పోతుంది. తర్వాత కాస్టిక్ సోడాతో విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలను సబ్బుగా మార్చి తీసేస్తారు. మట్టి పొడితో రంగు పీలుస్తారు. ఆఖర్న గాలి లాగేసి 200 డిగ్రీల పైన ఆవిరి పట్టిస్తారు, వాసనతో పాటు విటమిన్ ఇ, స్టెరాల్స్ కొంత ఎగిరిపోతాయి. ఈ వేడికే కాస్త ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకి చేటు చేసే కొవ్వు) పుడుతుంది, వేరుశనగ నూనెలో అది సాధారణంగా ఒక శాతం లోపే, 2022 నుంచి మన దగ్గర పరిమితి 2 శాతం.

ఇప్పుడు లెక్క వేద్దాం, ఎందుకంటే 'విటమిన్లు పోతాయి' అన్న మాట వినగానే అందరం టెన్షన్ పడతాం గాని ఎంత పోయిందని ఎవరూ అడగరు. వంద గ్రాముల వేరుశనగ నూనెలో విటమిన్ ఇ 15 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. మనిషికి రోజుకు 25 గ్రాముల నూనె అనుకుంటే 4 మిల్లీగ్రాముల లోపు. రిఫైనింగులో అందులో పావు వంతు పోయిందనుకున్నా, నష్టం ఒక్క మిల్లీగ్రాము. గుప్పెడు చెనిక్కాయ (వేరుశనగ) గింజలు, ఓ 30 గ్రాములు, నోట్లో వేసుకుంటే రెండున్నర మిల్లీగ్రాములు వచ్చేస్తుంది, పైగా ఏడు గ్రాముల ప్రోటీను, పీచు. స్టెరాల్స్ కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తాయన్నది నిజమే, కానీ అలా పనిచేయాలంటే రోజుకు రెండు గ్రాముల దాకా కావాలి, మీ 25 గ్రాముల గానుగ నూనెలో ఉండేది 50 మిల్లీగ్రాములు. సంగటిలోకి ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) నూరుకుని తినే ఇంటికి ఈ లోటు ఎప్పుడో తీరిపోయింది.

కాబట్టి డబ్బుకి ఇబ్బంది లేకపోతే గానుగ నూనె వాడుకోండి, రుచికి దానికి సాటి లేదు, ముఖ్యంగా పప్పు తాలింపులో, పచ్చళ్ళలో. ఇబ్బంది ఉంటే ఫిల్టర్డ్ గాని రిఫైన్డ్ గాని వాడినందుకు మీ ఆయన ఆరోగ్యానికి వచ్చిపడే ముప్పేమీ లేదు. చూడాల్సింది ఎంత పోస్తున్నారన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, మనిషికి రోజుకు 20–30 గ్రాముల మధ్య. నలుగురున్న ఇంటికి నెలకు నాలుగు లీటర్లు దాటకూడదు. గానుగ నూనె ఆరోగ్యమని చెప్పి ఐదు లీటర్లు ఖర్చుచేసే ఇళ్ళున్నాయి, వాళ్ళకన్నా రిఫైన్డ్ మూడు లీటర్లు వాడే ఇల్లే నయం.

ఇంకొకటి. వేరుశనగ నూనెలో ఒమేగా-3 దాదాపు లేదు. అదే సంస్థ రెండు మూడు రకాల నూనెలు మార్చుకుంటూ వాడమనేది ఇందుకే. ఆవనూనెలో ఒమేగా-3 ఉంటుంది, మన ఇళ్ళలో ఆ వాసనకి ఎవరూ ఒప్పుకోరనుకోండి, అప్పుడు నెలలో కొన్నాళ్ళు సోయా నూనె, లేదంటే అవిసె గింజల పొడి.

ప్రశ్న: పుంగనూరు దగ్గర మూడెకరాల్లో చెనిక్కాయ వేశాను. పీకేటప్పుడు వాన పట్టుకుంది, వామి కింద భాగం తడిసి కొన్ని కాయలకు బూజు వచ్చింది. ఏరి పక్కన పెట్టాను. వ్యాపారి తీసుకోనన్నాడు. గానుగకి తీసుకుపోతే ఇంటికి నూనె, ఆవులకి చెక్క వస్తాయి కదా అని ఇంట్లో అంటున్నారు. బూజు చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదంటున్నారు, నిజమేనా?
— ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: వద్దన్నా. దయచేసి ఆడించొద్దు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనది మీదే.

ఆ బూజులో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం ఉండే అవకాశం ఎక్కువ, అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఏ రోగమో తెలియకుండా చచ్చిపోయాయి, తీగ లాగితే బ్రెజిల్ నుంచి దాణా కోసం వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. అఫ్లటాక్సిన్ బయటపడింది అలాగే. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థం ఇది, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నవాళ్ళకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇంట్లోవాళ్ళు చెప్పింది సగం నిజం. ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, కొంత మాత్రం నూనెలోకి, ముఖ్యంగా మడ్డితో పాటు వస్తుంది. వేయించే వేడికి అది పోదు. ఫ్యాక్టరీలో కాస్టిక్ సోడా, మట్టి పొడి దశల్లో దాదాపు అంతా పోతుంది, గానుగలో దాన్ని తీసే దశే లేదు. రిఫైనింగుని తిట్టేవాళ్ళు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగాలి. కొత్త నూనెని ఎండలో పెట్టే అలవాటు మన పెద్దవాళ్ళకుంది, ఎండకి ఈ విషం కొంత విరిగే మాట నిజమే, కానీ బూజు గింజల నూనెని ఎండబెట్టి బాగుచేద్దామనుకోవడం పొరపాటు, ఎంత తగ్గిందో ఇంట్లో చూసే దారి లేదు.

చెక్క ఆవులకి పెడితే? అది ఇంకా ఘోరం, ఎందుకంటే విషం ఎక్కువగా మిగిలేది అక్కడే. ఆవు తిన్న అఫ్లటాక్సిన్‌లో (బి1 అనే రకం) కొంత, ఎమ్1 అనే మరో రూపంలోకి మారి పాలలోకి వస్తుంది. పాలలో అది కిలోకి అర మైక్రోగ్రాము మించకూడదని మన నిబంధన. ఊరూరా పాలు పోసే జిల్లా మనది, ఆ పాలు మీ ఇంట్లో పిల్లలూ తాగుతారు. ఏరిన ఆ కాయల్ని పశువులకీ కోళ్ళకీ దొరక్కుండా పూడ్చేయండి. నష్టమే, కాదనను.

వచ్చే ఏటికి: మన దగ్గర ఖరీఫ్ కాయ చేతికొచ్చేది ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లోనే, కాబట్టి ఈ సమస్య మళ్ళీ వస్తుంది. చివరి మూడు నాలుగు వారాలు భూమిలో తేమ లేక కాయ బెట్టకొస్తే శిలీంధ్రం చేలోనే పట్టేస్తుంది, ఒక్క తడి ఇవ్వగలిగినా ఉపయోగమే. పీకాక కాయలు పైకి వచ్చేలా చెట్లు తిరగేసి ఆరబెట్టండి, తడి మీద వామి వేయొద్దు. గుప్పెట్లో పట్టి ఊపితే లోపల గింజ గలగలమనాలి, తేమ 8 శాతం లోపుకి రావాలి. గుద్దలి, పార తగిలి పగిలిన కాయ, పురుగు తొలిచిన కాయ వేరుగా తీసేయండి, విషం ముందు చేరేది వాటిలోనే. ఏ రకం వేయాలన్నది తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి, నారాయణి, ధరణి లాంటి రకాలు అక్కడివే, మీ నేలకి ఏది నప్పుతుందో వాళ్ళే చెప్పగలరు.

పట్నంలో కొనుక్కునేవాళ్ళకి కూడా ఒక మాట. గింజ గ్రేడు చేసేటప్పుడు ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరి పక్కన పడేస్తారు, ఆ పక్కన పడ్డవి చాలాసార్లు పోయేది నూనెకే. కాబట్టి గానుగ దగ్గర చూడాల్సింది రోకలి చెక్కదా ఇనుముదా అని మాత్రమే కాదు, పక్కన మూటలో గింజలు ఎలా ఉన్నాయో చూడండి. వీలైతే గింజలు మీరే కొని, ఏరి, ఎదురుగా ఆడించుకోండి.

ప్రశ్న: మా వీధిలో 'కోల్డ్ ప్రెస్' అని పెట్టారు. చూస్తే స్టీలు మిషను, నూనె వేడిగా వస్తోంది. ఇది మోసమా? అసలు కల్తీ లేని నూనెని ఎలా పట్టుకోవాలి? ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టాలంటారు.
— చిత్తూరు నుంచి ఒక టీచరు

జవాబు: అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో కోల్డ్ ప్రెస్ అంటే బయట నుంచి వేడి పెట్టకుండా యంత్రంతో మాత్రమే తీసిన నూనె. ఒరిపిడి వేడి ఇంతే ఉండాలని అందులో డిగ్రీలు రాయలేదు, దుకాణాలవాళ్ళకి అదే సందు. చిన్న స్టీలు మిషను కూడా ఎక్స్‌పెల్లర్ తమ్ముడే, గోరువెచ్చగా వస్తే ఫరవాలేదు, చెయ్యి కాలేంత వేడిగా వస్తుంటే గానుగ ధర ఇవ్వకండి. ఇంకో సూచన, చాలామంది తలకిందులుగా అనుకునేది: నూనె వేయించిన పల్లీల వాసన గుప్పుమంటే 'అసలైన గానుగ' అనుకుంటారు. ఆ వాసన గింజకి వేడి తగిలితే పుట్టేది. పచ్చి గింజతో నెమ్మదిగా ఆడిన నూనె వాసన మెత్తగా, పచ్చి గింజ నమిలినట్టు ఉంటుంది.

ఫ్రిజ్ పరీక్ష నమ్మకండి. వేరుశనగ నూనె చల్లదనానికి మసకబారి పేరుకుంటుంది నిజమే, కల్తీకి వాడే పామాయిలు ఇంకా ముందే పేరుకుంటుంది. కల్తీ గట్టిగా తేలాలంటే ల్యాబు పరీక్షే. దానికంటే ముందు ఇంట్లో చేయగలిగింది ధర లెక్క. గింజలో నూనె 45–50 శాతం ఉంటుంది, గానుగలో చేతికొచ్చేది 40 దగ్గర. లీటరు నూనె బరువు 910 గ్రాములు. అంటే లీటరుకి సుమారు రెండుంబావు కిలోల గింజలు పడతాయి. మీ బజార్లో కిలో మంచి గింజల ధరని రెండుంబావుతో గుణించండి. చెక్క అమ్మితే వచ్చే డబ్బు కూలికీ కరెంటుకీ పోయిందనుకుంటే, ఆ గుణించిన ధరకన్నా బాగా తక్కువకి 'స్వచ్ఛమైన గానుగ నూనె' అమ్మేవాడు ధర్మానికి అమ్ముతున్నాడా, పామాయిలు కలిపి అమ్ముతున్నాడా, మీరే ఆలోచించండి.

ప్యాకెట్ అయితే లేబుల్ వెనక చిన్న అక్షరాలు చదవండి. ముందు పెద్దగా వేరుశనగ బొమ్మ ఉండి, వెనక 'బ్లెండెడ్' అని ఉంటే రెండు నూనెల మిశ్రమం, ఒక్కోటి కనీసం 20 శాతం ఉంటే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. అంటే మీ వేరుశనగ వాటా ఐదో వంతే కావచ్చు. 'ప్లస్ ఎఫ్' గుర్తుంటే విటమిన్ ఎ, డి కలిపారని, అవి గానుగ నూనెలో సహజంగా ఉండవు. సీసా మీద లైసెన్సు నంబరు లేకుండా డబ్బాలోంచి వంచి అమ్మే నూనె ఎంత ముద్దొచ్చినా తీసుకోకండి.

ప్రశ్న: రేణిగుంటలో సాయంత్రం బజ్జీల బండి పెడతాను. మంచి పేరొస్తుందని గానుగ నూనె పోశాను, పొంగు, పొగ, రెండు వాయిలకే నల్లబడింది. కల్తీదా?
— బజ్జీల బండి యజమాని

జవాబు: కల్తీ అయ్యుండక్కర్లేదు. గానుగ నూనెలో మిగిలిన జిగురు, తేమ వల్ల పొంగుతుంది, 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలవుతుంది, మీ బాణలి వేడి 170–180. రిఫైన్డ్ నూనె 230 దాకా ఓర్చుకుంటుంది. బజ్జీకి రిఫైన్డే వాడండి, గానుగ నూనె చట్నీ తాలింపుకి పెట్టుకోండి, పేరు దానికే వస్తుంది. కాగిన నూనెలో కొత్త నూనె కలుపుకుంటూ పోవద్దు. చెడిన పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని నిబంధన ఉంది, బండి దగ్గర అది కొలవలేరు గాని, నల్లబడి, చిక్కబడి, నురగ తగ్గకుండా ఉంటే అప్పటికే దాటిందని అనుకోండి.

ప్రశ్న: మా పాపకి చెనిక్కాయలు పడవు, దద్దుర్లు వస్తాయి. నూనె కూడా మానాలా?
— తిరుచానూరు

జవాబు: గానుగ నూనె, ఫిల్టర్డ్ నూనె పూర్తిగా మానండి, వాటిలో గింజ ప్రోటీను ఆనవాళ్ళు ఉంటాయి, ఎలర్జీకి కారణం ఆ ప్రోటీనే. బాగా రిఫైన్ చేసినదాంట్లో అది దాదాపు ఉండదు, అయినా డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి. పెళ్ళి భోజనాలకి, హోటళ్ళకి పోయినప్పుడు ఏ నూనె అని అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: ఏడాదికి సరిపడా ఒకేసారి ఆడించి ఇత్తడి బిందెలో పోసుకుంటే?
— పలమనేరు

జవాబు: ఏడాది వద్దు, రెండు మూడు నెలలకి సరిపడా ఆడించుకోండి, గింజలైతే ఏడాది దాచుకోవచ్చు, కాయతోనే, పొడిగా. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి తగిలితే నూనె త్వరగా కారువాసన వస్తుంది, ఇనుమూ అంతే. స్టీలు డబ్బా గాని ముదురు రంగు గాజు సీసా గాని మేలు, మూత దాకా నింపి, పొయ్యికి, కిటికీ ఎండకి దూరంగా పెట్టండి. మడ్డి తేరాక తేటని వేరే పాత్రలోకి వంచుకోండి. పాత నూనె అడుగున ఉండగా దాని మీదే కొత్తది పోయకండి, డబ్బా కడిగి, తడి లేకుండా ఎండబెట్టాకే నింపండి.